వీడియో తీసే ముందు మమ్మల్ని అడగండి

(నా అభిప్రాయం)

 

ఈ నెల గోడపత్రికకు ఆటల మీద రాయమన్నారు. నేను ఆటల గురించే రాస్తున్నాను, కాని ఆట కన్నా ఆట వీడియో గురించి ఎక్కువ రాస్తున్నాను. మన కరాటే క్లాసులో ఫోన్లతో తీసే వీడియోలు ఎక్కడికి పోతున్నాయి, ఎవరు చూస్తున్నారు, దానివల్ల మనకు మంచి ఎంత, చెడు ఎంత అనేది నా విషయం. ఎవరినీ తప్పు పట్టాలని రాస్తలేను. పెద్దవాళ్లు చదివి ఆలోచించాలని, పిల్లలం మనం కూడా మాట్లాడుకోవాలని రాస్తున్నాను.

కరాటే మనకు కావాలి

ముందుగా ఒక మాట. కరాటే వద్దు అని నేను అనడం లేదు. సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ బడుల్లో 6 నుంచి 12వ తరగతి వరకు చదివే ఆడపిల్లలకు మూడు నెలలు ఆత్మరక్షణ నేర్పిస్తున్నారు. దానికి రాణి లక్ష్మీబాయి పేరు పెట్టారు. మన బడి చుట్టూ బోడుప్పల్ కాలనీలలో కూడా షాపుల పైన కరాటే, తైక్వాండో బోర్డులు కనబడతాయి. అక్కడి పిల్లలు నెలనెలా ఫీజు కట్టి నేర్చుకుంటారు. మనకు బడిలోనే దొరుకుతుంది. అది మన అదృష్టం.

మాది ములుగు జిల్లా తాడ్వాయి మండలం. మేము కోయవాళ్లం. మా ఇంట్లో బడికి వచ్చిన మొదటి మనిషిని నేనే. మొదటిసారి ఉప్పల్‌లో బస్సు దిగినప్పుడు రోడ్డు దాటాలన్నా భయపడ్డాను, అయ్య చెయ్యి వదలలేదు. ఇప్పుడు గ్రౌండులో నిలబడి అందరికీ వినబడేటట్టు గొంతెత్తి అరుస్తాను. ఆ గొంతు నాకు కరాటే వల్ల వచ్చింది.

నిజామాబాద్ నిఖత్ జరీన్ అక్క సంగతి మీకు తెలుసు. ఆమె బాక్సింగ్ మొదలుపెట్టినప్పుడు ఆడపిల్ల నిక్కర్లు వేసుకుని ఆడేదేంది అని బంధువులు అన్నారట. తండ్రి వినలేదు. 2011లో టర్కీలో జరిగిన జూనియర్ ప్రపంచ పోటీల్లో ఆమె బంగారు పతకం గెలిచింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు, అంటే ఇప్పుడు నా వయసు. తర్వాత 2022లోనూ, 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయింది. మలావత్ పూర్ణ అక్క మన లాంటి గురుకులంలోనే చదివి, 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు కూడా నిండలేదు. వాళ్ల ఫోటోలు చూసే నాలాంటోళ్లు ముందుకు వచ్చారు. కావున ఆడపిల్లలను ఎవరికీ కనబడకుండా దాచిపెట్టాలి అని నేను రాస్తున్నట్టు ఎవరూ అనుకోవద్దు.

ఒక అక్కకు జరిగింది

మా దిక్కు ఊరి అక్క ఒకామె ఉంది. పేరు రాయను, ఏ బడో కూడా రాయను. ఆమె కటా బాగా చేస్తుంది. ఒక కరాటే సంస్థ వాళ్లు బెల్టు పరీక్ష నాడు ఆమె వీడియో తీసి అందరూ చూసేటట్టు పెట్టారు. మంచి మనసుతోనే పెట్టారు. వీడియో కింద ఆమె పూర్తి పేరు, తరగతి, బడి పేరు, ఊరు పేరు, ఏ బెల్టో అన్నీ రాశారు. కటా కన్నా ముందు కాళ్లు చాపి వార్మప్ చేసేది కూడా దాంట్లో ఉంది.

మొదట అందరూ శభాష్ అని రాశారు. తర్వాత ఎవరెవరో రాయడం మొదలుపెట్టారు. ఆమె శరీరం గురించి రాశారు. నలుపు గురించి, జాతి గురించి రాశారు. ఒకడు 'ఈ బడి నాకు తెలుసు, నెలలో ఏ ఆదివారం బయటికి వదుల్తరో కూడా తెలుసు' అని రాశాడు. అక్కకు ఇవేమీ తెలియవు. హాస్టల్లో ఫోన్ లేదు గదా. ఊళ్లో తునికాకు కల్లం దగ్గర ఎవరో కుర్రాళ్లు ఫోన్‌లో చూసి నవ్వుకుంటుంటే వాళ్ల నాయిన చూశాడు. ఆయనకు చదువు రాదు, కాని నవ్వు అర్థమయితది.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆమెకు సంగతి తెలిసింది. నాయిన ఒక్కటే మాట అన్నాడు, 'ఇగ కరాటే బంద్.' చదువు కూడా బంద్ అనబోయాడు, వాళ్లమ్మ ఏడ్చి ఆపింది. చెడ్డ రాతలు రాసినోళ్లకు ఏమీ కాలేదు. వీడియో పెట్టినోళ్లకు సంగతే తెలియలేదు. శిక్ష మాత్రం కటా బాగా చేసిన పిల్లకు పడింది. ఇది న్యాయమా? మీరే చెప్పండి.

ఫోన్ లేదు కాబట్టి మనకేం భయం అనుకోవద్దు

మన హాస్టల్లో ఫోన్లు ఉండవు. అందుకని చాలామంది అమ్మాయిలు ఇది ఫోన్లున్న పిల్లల బాధ, మనది కాదు అనుకుంటారు. నేను చెప్పేది దానికి తలకిందులు. ఫోన్ ఉన్న పిల్ల తన వీడియో కింద చెడ్డ మాట కనబడితే చూస్తుంది, తీసేయమంటుంది. మనం చూడం. మన వీడియో మనం తప్ప అందరూ చూస్తారు. మనం సంక్రాంతికో దసరాకో ఇంటికి పోయే వరకు అది తిరుగుతనే ఉంటది. పెదవి దాటితే పృథివి దాటుతుంది అని పెద్దలు మాట గురించి అన్నారు. వీడియో అంతకన్నా తొందరగా దాటుతుంది.

మన హైదరాబాద్‌లోనే 2024 జూలైలో పేపర్లన్నీ రాసిన ఒక కేసు ఉంది. ఒక తండ్రి, చిన్న కూతురు కలిసి ఉన్న వీడియోను తీసుకుని, ఒక యూట్యూబర్ తన స్నేహితులతో కూర్చొని నీచమైన జోకులు వేశాడు. నటుడు సాయి ధరమ్ తేజ్ దాన్ని బయటపెట్టి ముఖ్యమంత్రి దృష్టికి తెచ్చారు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో కేసు పెట్టి, ఆ యూట్యూబర్‌ను బెంగళూరులో అరెస్టు చేసి తెచ్చింది. పోక్సో చట్టం కూడా పెట్టారు. ఆ వీడియోలో తండ్రి ప్రేమ తప్ప చెడ్డది ఏమీ లేదు. చెడు చూసేవాడి కంట్లో ఉంది. సినిమా నటుడు మాట్లాడినందుకు అది అంత తొందరగా బయటికి వచ్చింది. మన గురించి ఎవరు మాట్లాడాలి? మన మేడమ్‌లే మాట్లాడాలి.

అట్లనే 2019 ఫిబ్రవరిలో అమెరికాలో ఒక సంగతి బయటపడింది. ఆడపిల్లలు జిమ్నాస్టిక్స్ చేసే మామూలు వీడియోల కింద కొందరు మగవాళ్లు నిమిషాలు, సెకన్లు రాసి పెడుతున్నారు. ఏ క్షణంలో పిల్ల ఎట్లా వంగిందో ఒకరికొకరు చూపించుకోవడానికి. నెస్లే లాంటి పెద్ద కంపెనీలు యూట్యూబ్‌కు ప్రకటనలు ఆపేశాయి. అప్పుడు యూట్యూబ్ కోట్లకొద్దీ పిల్లల వీడియోల కింద కామెంట్లు మూసేసింది. అదే ఏడాది జూన్‌లో ఇంకో సంగతి వచ్చింది. బ్రెజిల్ దేశంలో పదేళ్ల పాప ఇంటి వెనక నీళ్లలో స్నేహితురాలితో ఆడుకునే వీడియో పెడితే, దాన్ని 4 లక్షల సార్లు చూశారు. వాళ్లెవరూ ఆ పాప చుట్టాలు కారు. 'ఇది కూడా చూడండి' అని ఒక వీడియో తర్వాత ఇంకొకటి చూపించే యూట్యూబ్ పద్ధతే అటువంటి మనుషుల ముందుకు దాన్ని తీసుకుపోయింది. మన కటా వీడియోను మన మాస్టర్ సార్ మనవాళ్ల కోసమే పెట్టవచ్చు. ఎవరికి చూపించాలో మాత్రం యంత్రం నిర్ణయిస్తుంది.

ఇప్పుడు వీడియో కూడా అక్కర లేదు, ఒక్క ఫోటో చాలు. ముఖం తీసి వేరే శరీరానికి అతికిస్తారు. 2023 నవంబర్‌లో నటి రష్మిక మందన్న ముఖంతో అట్లాంటి నకిలీ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌లో ఒక యువకుడిని పట్టుకున్నారు. ఆమె పేరు మీద నడిపే పేజీకి ఎక్కువమంది రావాలని చేశాడని పోలీసులు చెప్పారు. అంత పేరున్న మనిషికే అట్లయితే, అడవి పల్లె నుంచి వచ్చిన పిల్ల 'అది నేను కాదు' అంటే ఊళ్లో ఎవరు నమ్ముతారు?

మనవాళ్లను అడగకుండా తీయడం కొత్త కాదు

ఆదివాసీ పిల్లలకు ఇది ఇంకొంచెం ఎక్కువ తెలుసు. మేడారం జాతరకు వచ్చే లక్షలమంది మంచివాళ్లే. కాని కొందరు జంపన్నవాగులో స్నానం చేసే ఆడవాళ్లను కూడా ఫోన్‌లో తీస్తారు. మన ఇల్లు, మన పొయ్యి, మన ముసలమ్మను తీస్తారు. అడగరు. వాళ్లింటికి పోయి మనం అట్ల తీస్తే ఊకుంటరా?

2012 జనవరిలో అండమాన్ దీవుల వీడియో ఒకటి ప్రపంచమంతా చూసింది. జారవా ఆదివాసీ మహిళలకు తిండి ఆశ చూపి టూరిస్టుల ముందు నాట్యం చేయించారు. అదే సంవత్సరం అక్కడి చట్టాన్ని గట్టిగా మార్చారు. అంటే ఆదివాసీ మనిషిని కెమెరాతో ఆడుకోవడం తప్పు అని ప్రభుత్వమే ఒప్పుకుంది. నాట్యం దగ్గర తప్పయినది కరాటే దగ్గర ఒప్పు ఎట్లయితది? 'ట్రైబల్ గర్ల్ పవర్' అని పైన రాసి పెడితే చూసినోళ్లు చప్పట్లు కొడతారు. ఆ గర్ల్‌ను ఒక్క మాట అడిగారా అనేదే నా ప్రశ్న.

వేలిముద్ర అంటే ఒప్పుకున్నట్టా?

'మీ తల్లిదండ్రులు సంతకం పెట్టారు గదా' అని ఎవరైనా అనవచ్చు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వాళ్లందరినీ పిల్లలనే అంటుంది. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని చెబుతుంది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, దశలవారీగా అమలు చేస్తారు. మంచి చట్టమే. కాని మా అమ్మ సంగతి వినండి. ఎక్కడైనా సరే కాగితాల కట్ట ముందు పెడితే ఆమె వేలిముద్ర వేస్తుంది. రేషన్‌కు వేసినట్టే వేస్తుంది. దాంట్లో ఏమి రాసి ఉందో ఆమెకు ఎవరు చెప్పాలి? 'నీ బిడ్డ ఎగిరి తన్నేది ముక్కూమొకం తెలియని మనుషులు కూడా ఫోన్‌లో చూస్తరు, నీకు ఇష్టమేనా' అని ఆమెకు అర్థమయ్యే మాటలో అడిగితే, అప్పుడు ఆమె వేసిన వేలిముద్రకు విలువ ఉంటది.

పిల్లను కూడా అడగాలి. ఐక్యరాజ్యసమితి 1989లో చేసిన బాలల హక్కుల ఒడంబడికను మన దేశం 1992లో ఒప్పుకుంది. పిల్లల సొంత జీవితంలోకి ఎవరూ ఊరికే చొరబడొద్దు అని, పిల్లలకు సంబంధించిన విషయంలో పిల్లల మాట వినాలి అని అందులో ఉంది. అంటే నేను పుట్టకముందు నుంచే నాకు ఈ హక్కు ఉంది.

పెద్దలు అనే మాటలు

'వీడియో పెట్టకపోతే క్లాసు జరిగినట్టు పై ఆఫీసర్లకు ఎట్లా తెలుస్తది?' అని అంటారు. నిజమే. కాని ఆఫీసర్లకు పంపేది ఆఫీసర్లకే పంపొచ్చు. లోకమంతటికీ పెట్టనక్కరలేదు. దూరం నుంచి అందరం వరుసగా నిలబడ్డ ఫోటో చాలు. క్లాసు జరిగినట్టు దాంతో తెలుస్తుంది, ఏ పిల్ల ఎవరో తెలియదు.

'మాస్టర్లకు కూడా పేరు రావాలి గదా, వాళ్ల బతుకు దాని మీదనే' అని అంటారు. అది కూడా నిజమే. అయితే మాస్టర్లు తాము చేసిన కటా పెట్టవచ్చు, పెద్ద శిష్యులను అడిగి పెట్టవచ్చు.

'ఇదంతా మగపిల్లలకు లేని బాధ' అని ఇంకొందరు అంటారు. అది తప్పు. పోక్సో చట్టం 2012లో వచ్చింది, అది మగపిల్లలకు కూడా వర్తిస్తుంది. మగపిల్లలు చొక్కా లేకుండా చేసే వీడియోలు, ఓడిపోయి ఏడ్చే వీడియోలు కూడా తిరుగుతున్నాయి. నా తమ్ముడు ఇంకో హాస్టల్లో ఉన్నాడు. వాడి గురించి కూడా నాకు భయమే.

ఇంకొక అపాయం ఉంది. మంచి కటాకు లైకులు తక్కువ. తలతో పెంకులు పగలగొట్టడం, మంటల్లో చెయ్యి పెట్టడం, చేతుల మీదుగా బైకు పోనివ్వడం, వీటికే లైకులు ఎక్కువ. లైకుల కోసం తీస్తే రాను రాను పిల్లలతో అవే చేయిస్తారు. చిన్న తరగతి చెల్లెళ్లు అది చూసి డార్మెటరీ గోడను గుద్దుతారు. వేళ్లు వాచిన తర్వాత పరీక్ష ఎట్లా రాస్తారు?

నేను కోరేది

మనం నేర్చుకునే షోటోకాన్‌లో మొదటి కటా హెయాన్ షోదాన్. దాంట్లో 21 కదలికలు ఉన్నాయి. మొట్టమొదటి కదలిక దెబ్బ కాదు, ఎడమ వైపుకు తిరిగి ఎదుటివాడి దెబ్బను ఆపే బ్లాక్. వీడియోల దగ్గర కూడా ముందు ఆపుకోవడమే నేర్చుకోవాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు. అందుకని నాకు తోచినవి రాస్తున్నాను.

1. వీడియో తీసే ముందు ప్రతిసారి అడగాలి. పోయినసారి సరే అన్న పిల్ల ఈసారి వద్దు అనవచ్చు. ఎందుకు అని గుచ్చి అడగొద్దు. వద్దు అన్న పిల్లను పోటీల నుంచి తీసేయొద్దు.

2. పేరు, తరగతి, బడి, ఊరు ఇవన్నీ వీడియోతో కలిపి రాయొద్దు. బడి బోర్డు, డ్రెస్సు మీది బ్యాడ్జి కనబడకుండా తీయాలి.

3. ఏ రోజు గ్రౌండుకు పోతాం, ఏ రోజు అమ్మానాన్నలు వస్తారు, ఏ రోజు బయటికి వదులుతారు అనేది పెట్టొద్దు. పోటీకి పోతే, తిరిగి వచ్చిన తర్వాతనే పెట్టాలి.

4. వార్మప్, స్ట్రెచింగ్, డ్రెస్సు సర్దుకోవడం, డార్మెటరీ, ఇవి ఎప్పుడూ తీయొద్దు. దూరం నుంచి, అందరినీ కలిపి తీయాలి.

5. తల్లిదండ్రుల కోసం అయితే తల్లిదండ్రుల గ్రూపులోనే పెట్టాలి, బయటికి పంపొద్దని వాళ్లకూ చెప్పాలి. అందరికీ పెట్టేది అయితే కామెంట్లు మూసెయ్యాలి.

6. పెట్టే ముందు వీడియోను పిల్లలకు చూపించాలి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల నుంచి ఇద్దరేసి అమ్మాయిలు, ఒక మేడమ్ కలిసి చూస్తే బాగుంటుంది. తీసేయమంటే ఆ రోజే తీసెయ్యాలి.

7. బయటి నుంచి వచ్చే మాస్టర్లకు, ఫంక్షన్లకు వచ్చే పెద్దలకు కూడా ఇవే నియమాలు గేటు దగ్గర రాసి పెట్టాలి.

ఏదైనా జరిగితే

అమ్మాయిలూ, ఎవరైనా చెడ్డ మాట రాసినా, నీ వీడియో పెడతానని బెదిరించినా, మనసులో పెట్టుకుని కుమిలిపోవద్దు. నమ్మకం ఉన్న మేడమ్‌కు చెప్పండి. 1098 పిల్లల కోసం ఉన్న ఫోన్ నంబర్, డబ్బులు పడవు. సైబర్ నేరాలకు 1930 ఉంది. వెంటనే అపాయం ఉంటే 112 ఉంది. మన రాష్ట్రంలో 2014 నుంచి షీ టీమ్స్ కూడా ఉన్నాయి. చెడ్డ రాతలను తీసేయించే ముందు ఫోటో తీసి పెట్టుకోమని మేడమ్‌కు చెప్పండి, పోలీసులకు సాక్ష్యం కావాలి.

మేడమ్ గార్లకు ఒక మనవి. పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసి చెప్పకపోవడం కూడా పోక్సో చట్టం ప్రకారం నేరమే. బడి పేరు పోతుందని దాచొద్దు. మాలో ఎవరైనా వచ్చి చెప్పినప్పుడు 'నువ్వెందుకు అట్ల నిలబడ్డవ్' అని మొదటి మాట అనకండి. ఆ ఒక్క మాటకు భయపడే చాలామంది చెప్పరు. కరాటే మాత్రం ఎవరికీ బంద్ చేయకండి. ఆ అక్కకు కటా మర్చిపోయే రోజు వస్తదేమో అని నాకు బాధగా ఉంటది.

ఈ కాగితం కింద ఒక తెల్ల కాగితం అంటించాను. దారంతో పెన్సిల్ కూడా కట్టాను. నేను రాసిన ఏడు నియమాల్లో ఏది సరి కాదో, ఇంకా ఏది కలపాలో మీరు రాయండి. పేరు రాయాలని లేదు. వచ్చే శనివారం వాటిని తీసుకుని మేము నలుగురం వార్డెన్ మేడమ్ గారి దగ్గరికి పోతాము. మేడమ్ గారు మాకు పది నిమిషాలు ఇస్తారని ఆశిస్తున్నాను.

ఇట్లు,
9వ తరగతి, ఒక కోయ అమ్మాయి
బోడుప్పల్